బాగుచేసిన అటామైజరు, బాగుచెయ్యని నెబ్యులైజరు

మొన్న ఆదివారం మా అమ్మ బలవంతం మీద అటక దులుపుతుంటే ఓ పాత బిస్కెట్ల డబ్బా బయటపడింది. మూత తీశాను. లోపల ఒక చవక మల్టీమీటరు, మొన వంగిన ట్వీజరు, రెండు వేళ్ళ వెడల్పు ఎర్రటి పారదర్శకపు టేపు చుట్ట, ఇంకా మా ఊరి అవుసలాయనకి వాపసు ఇవ్వాల్సిన ఓ సన్నటి గుండ్రని ఆకురాయి. ఏడేళ్ళ నుంచీ అది నా దగ్గరే ఉండిపోయింది. పాపం ఆయన కూడా అడగలేదు. ఆ డబ్బాలో లేని వస్తువు ఒకటుంది. ఆ సామానంతా దాని కోసం పోగుచేసిందే. దాని కథే ఇది.

ముందే ఓ మాట. ఇది వేపింగ్ ఎలా చెయ్యాలో చెప్పే సోది కాదు. మన దేశంలో ఇ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం. ఇది నా చేతకానితనం గురించీ, కొంచెం మా నాయిన గురించీ. ఓపికుంటేనే చదవండి :-)

మాది అబ్దుల్లాపూర్‌మెట్. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే వాళ్ళందరూ మా ఊరి మీదుగానే పోతారు, కానీ ఎవరూ ఆగరు. అందరూ మా పక్కన ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ దగ్గర ఆగుతారు. మా నాయిన లారీ డ్రైవరు. బండరావిరాల వైపు క్రషర్ల నుంచి కంకర తోలేవాడు. పదిహేనో ఏట నుంచీ బీడీలు తాగుతున్నాడట. క్రషర్ దుమ్ము ఒకపక్క, బీడీ పొగ ఒకపక్క. ఈ రెంటిలో ఏది ఎంత చేసిందో ఇప్పుడు ఏ డాక్టరూ విడదీసి చెప్పలేడు.

ఇక నా సంగతి. బీటెక్ రెండో ఏట నుంచి సిగరెట్టు. ఎలా మొదలైందని అడక్కండి, అందరికీ ఎలా మొదలవుతుందో అలానే. నాలుగో ఏడు వచ్చేసరికి, అంటే 2018లో, రోజుకి పదికి చేరింది. మెట్లెక్కితే ఆయాసం. క్యాంపస్ ఇంటర్వ్యూలకి ముందు మానేద్దామని మూడుసార్లు అనుకున్నా. మూడుసార్లూ వారం దాటలేదు. అప్పుడు మా క్లాస్‌మేట్ వాళ్ళ అన్న బయటదేశం నుంచి వస్తూ ఒక సెట్టు తెచ్చాడు. దేశమంతటికీ వర్తించే చట్టం అప్పటికి ఇంకా రాలేదు. "సిగరెట్టు మానాలంటే ఇది వాడు, ఇందులో పొగ ఉండదు, ఆవిరే" అని తక్కువ ధరకి నాకు అంటగట్టాడు.

అది రీబిల్డబుల్ రకం. అంటే మనమే విప్పి, మనమే కట్టుకునేది. తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తా. ఇంట్లో దోమల మందు లిక్విడ్ మెషిన్ ఉంటుంది కదా, సీసాలోంచి వత్తి పైకి పీలుస్తుంది, పైన హీటరు దాన్ని ఆవిరి చేస్తుంది. సూత్రం ఇంచుమించు అదే. ఒక గుండ్రని లోహపు పళ్ళెం, దాని మీద రెండు చిన్న స్తంభాలు. ఒకటి బ్యాటరీ ప్లస్‌కి, రెండోది పళ్ళేనికే అతికి మైనస్‌కి. ఈ రెంటి మధ్య ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ తీగని స్ప్రింగులా చుట్టి బిగించాలి. ఆ చుట్టలో దూది దూర్చాలి. దూదికి ద్రవం పట్టించాలి. ద్రవమంటే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన, నికోటిన్. బటన్ నొక్కితే తీగ వేడెక్కి దూదిలోని ద్రవం ఆవిరవుతుంది. బయటికి రాగానే చల్లబడి సన్నటి తుంపరగా మారుతుంది. మనకి పొగలా కనిపించేది ఆ తుంపరే.

ఇంజినీరింగ్ కుర్రాడి చేతికి ఇలాంటిది ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెడీమేడ్ కంప్యూటర్ కొనేవాడిని చూసి అసెంబుల్డ్ కొన్నవాడు నవ్వినట్టు, నేను సిగరెట్టు తాగే నా ఫ్రెండ్స్‌ని చూసి నవ్వడం మొదలుపెట్టాను.

తేడా మొదటివారంలోనే తెలిసింది. ఒక్కోసారి బాగా పనిచేసేది, ఒక్కోసారి బటన్ నొక్కితే ఏమీ రాదు. ఇంకోసారి నొక్కిన రెండు సెకన్లకే కింద గొట్టం చెయ్యి కాలేలా వేడెక్కింది. నా దగ్గరున్నది మెకానికల్ రకం. అంటే బ్యాటరీకీ తీగకీ మధ్య బటన్ తప్ప ఇంకేం లేదు. షార్టు అయితే ఆపే సర్క్యూట్ ఏదీ లేదు. గబగబా మూత విప్పి బ్యాటరీ బయటికి లాగి మా అమ్మ మల్లె కుండీలో పెట్టాను. అరగంట దాకా దాని దగ్గరికి పోలేదు. లిథియం బ్యాటరీ పేలితే ఏమవుతుందో ఫోన్ల వార్తల్లో చూసినవాడినే.

చల్లబడ్డాక కూర్చుని లెక్క వేశాను. నేను చుట్టిన తీగ 26 గేజిది. మీటరుకి దాదాపు 11 ఓమ్‌ల నిరోధం. నా చుట్టలో ఏడు చుట్లు, కాళ్ళతో కలిపి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అంటే 0.95 ఓమ్‌కి అటూ ఇటూ. నిండా చార్జయిన బ్యాటరీ 4.2 వోల్టులు. కరెంటు నాలుగున్నర ఆంపియర్లలోపే. బ్యాటరీ మీద 20 ఆంపియర్లని రాసుంది. మరి వేడెందుకు? ఎక్కడో దారి తప్పి షార్టవుతోంది. దారిలో నిరోధం 0.1 ఓమ్‌కి పడిపోతే కరెంటు 42 ఆంపియర్లు. అంటే రాసినదానికి రెండింతలు దాటి. ఓమ్ సూత్రాన్ని ఇంటర్లో బట్టీ కొట్టాను, ఇంజినీరింగ్‌లో పరీక్ష రాశాను. నిజంగా అర్థమైంది మాత్రం ఆ మల్లె కుండీ దగ్గరే.

ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడి నుంచి కోఠి. గుజరాతీ గల్లీలో మల్టీమీటరు కొన్నాను. ఇంటికొచ్చి తీగ రెండు చివర్లా పెడితే ఓసారి 1.2, ఓసారి 0.7, ఓసారి 0.3. మొదట మీటరుని తిట్టాను. తర్వాత తెలిసింది, చవక మీటర్ల వైర్లకే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది. రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూసి అది తీసెయ్యాలి. అది తీసేసినా అంకె నిలకడగా లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ తెలుసు. మన మెషిన్లో రాదు, క్లయింట్ దగ్గరే వస్తుంది, లాగ్ పెడితే మాయమవుతుంది. అచ్చం అలాంటి బగ్గే.

మూడు రోజులు తీగనే అనుమానించాను. విప్పి కొత్తది చుట్టాను, మళ్ళీ అంతే. మూడోరోజు రాత్రి బుర్ర వెలిగింది. అసలు తీగ తీసేసి చూస్తే? తీగ లేనప్పుడు ప్లస్ స్తంభానికీ పళ్ళేనికీ మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు. మధ్యలో ప్లాస్టిక్ రింగు అడ్డముంటుంది. మీటరు పెట్టాను. ఎడమ మూల "1" అని చూపించింది. అంటే సంబంధం లేదు, బాగానే ఉంది. అలా పెట్టే ఉంచి స్క్రూడ్రైవర్‌తో స్తంభం మీది స్క్రూ బిగించాను. కుయ్య్ మని బీప్! వదులు చేశాను, ఆగిపోయింది. మళ్ళీ బిగించాను, బీప్.

దొరికింది దొంగ.

స్క్రూ బిగించినప్పుడల్లా స్తంభం ఓ వెంట్రుక వాసి తిరుగుతోంది. తిరిగినప్పుడు లోపల ఏదో పళ్ళేనికి తగులుతోంది. కింద నుంచి సెంటర్ పిన్ విప్పి మొత్తం ముక్కలు చేశాను. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే పళ్ళెంలో స్తంభం దూరే కన్నం అంచున సన్నటి లోహపు ముల్లు. కన్నం డ్రిల్ చేశాక అంచు చెక్కకుండా వదిలేశారు. దాన్నే బర్ అంటారు. ఆ ముల్లు ప్లాస్టిక్ రింగుని కోసుకుంటూ పోయి స్తంభాన్ని తాకుతోంది.

నేను సీఎస్‌ఈ. అయినా మొదటి ఏడు వర్క్‌షాప్ ల్యాబు అందరికీ ఉంటుంది. ఫిట్టింగ్‌లో ఇనప ముక్కని నాలుగు గంటలు ఆకురాయితో రుద్ది రుద్ది చేతులు బొబ్బలెక్కి, కోడు రాసేవాడికి ఇదెందుకురా అని తిట్టుకున్నవాణ్ణి. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ గారు ప్రతి ముక్కనీ వేలితో తడిమి, "కన్ను మోసం చేస్తది, వేలు చెయ్యదు" అనేవారు. ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది. అంచు తడిమాను. గుచ్చుకుంది.

అవుసలాయన దగ్గరికి పోయి సన్నటి ఆకురాయి అడిగాను. "చదువుకునే పిలగానివి, నీకెందుకయ్యా?" అన్నాడు. ప్రాజెక్టు అని చెప్పా. అబద్ధం కూడా కాదనిపించింది :-) ఆ రాత్రి కన్నం అంచు మెల్లగా చుట్టూ గీకాను. తర్వాత అగ్గిపుల్లకి 400 నంబరు ఎమరీ కాగితం చుట్టి నున్నగా చేశాను. వేడినీళ్ళు, అంట్ల సబ్బు, పాత టూత్ బ్రష్షుతో కడిగాను. రింగు కోసుకుపోయిన చోట ఏం చెయ్యాలో రెండు రోజులు తోచలేదు. హయత్‌నగర్లో సెల్‌ఫోన్ రిపేరు చేసే అతను వేడి తట్టుకునే ఎర్ర టేపు వాడుతుంటే చూసి ఒక మూర అడిగి తెచ్చుకున్నా. రింగు తిరగేసి, స్తంభానికి ఆ టేపు ఒకే ఒక్క చుట్టు చుట్టి, మళ్ళీ బిగించాను. స్క్రూ పదిసార్లు బిగించి పదిసార్లు వదిలాను. బీప్ లేదు. తీగ పెట్టి చూస్తే 0.95. గంట తర్వాత 0.95. పొద్దున లేచి చూస్తే 0.95.

నిజం చెప్పాలంటే, ఈరోజు దాకా నేను రాసిన ఏ కోడు ప్రొడక్షన్‌కి పోయినప్పుడు కూడా ఆ రాత్రి అంత సంతోషం కలగలేదు. తయారుచేసిన ఫ్యాక్టరీ చెయ్యని పని నేను మా వంటింటి గట్టు మీద చేశాను. మా అమ్మ చూసి, "పిలగాడు రాత్రిళ్ళు కూసోని కాలేజీ పని చేస్తుండు" అని పక్కింటి వాళ్ళకి చెప్పుకుంది.

ఆ సంతోషం సరిగ్గా పన్నెండు రోజులు.

నేను దాన్ని మేడ మీది నీళ్ళ ట్యాంకు వెనక వాడేవాణ్ణి. ఓ సాయంత్రం నాయిన ట్రిప్పు ముగించుకుని తొందరగా వచ్చి, బీడీ ముట్టించుకుందామని మేడెక్కాడు. నేను మేఘంలో ఉన్నాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఆయన చేతిలో బీడీ, నా చేతిలో ఇత్తడి గొట్టం.

"ఏందిరా గది?"

చెప్పాను. ఏకంగా ఓ ప్రెజెంటేషన్ ఇచ్చాను. ఇది పొగ కాదు నాయినా, ఆవిరి. ఏదీ కాలదు. తారు ఉండదు. నీ బీడీ కంటే ఎంతో నయం, కావాలంటే నువ్వు కూడా దీనికి మారు, నీకోటి నేనే కట్టిస్తా. దీంట్ల ఫాల్టు కూడా నేనే పట్టుకున్నా, చూడు. విప్పి చూపించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. స్తంభం, రింగు, టేపు అన్నీ చేతిలోకి తీసుకుని చూశాడు. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి, రిపేరు గురించి ఆయనకి నేను చెప్పేదేముంది. "పని సాఫ్‌గనే చేసినవ్" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. తర్వాత అడిగాడు:

"ఆవిరే అయితే ట్యాంకి ఎన్కకు పోయి ఎందుకు తాగుతున్నవ్ రా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన కూడా ఆగలేదు. బీడీ ముట్టించకుండానే చెవి మీద పెట్టుకుని కిందకి దిగిపోయాడు. అమ్మకి చెప్పలేదు. మళ్ళీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే నేను వాదించేవాణ్ణి.

ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతుంటే ఒక్కొక్కటే బయటపడటం మొదలైంది. నేను కొలిచినవన్నీ ఓమ్‌లూ, వోల్టులూ, ఆంపియర్లే. బ్యాటరీ పేలకుండా చూసుకున్నాను. మరి లోపలికి పీల్చేది? ఆకురాయితో గీకిన లోహపు రజను మొత్తం పోయిందని నాకెలా తెలుసు? టూత్ బ్రష్షుతో కడిగాను, అంతే. టేపు వేడి తట్టుకుంటుంది సరే, దాని జిగురో? అది సెల్‌ఫోన్ బోర్డుకి వాడేది, ఎవరూ దాని మీదుగా గాలి పీల్చరు. దూది ఆరిపోయినప్పుడు ఒక్కోసారి గొంతు మండేలా మాడు వాసన వచ్చేది. అలా ఎండి మాడినప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటివి పుట్టుకొస్తాయని తర్వాత చదివాను. నా దగ్గర మల్టీమీటరు ఉంది కాబట్టి మల్టీమీటరుకి తెలిసేవే కొలిచాను. మిగతావి లేవనుకున్నాను. సాఫ్ట్‌వేర్లో కూడా ఇదే చేస్తాం కదా. టెస్ట్ కేసు రాయని చోట బగ్గు లేదనుకుంటాం.

ఇంకోటి కూడా గమనించాను. సిగరెట్టుకి ఒక చివర ఉంటుంది. కాలిపోతే అయిపోయినట్టే, ఇంకోటి ముట్టించాలంటే మళ్ళీ ఓ నిర్ణయం తీసుకోవాలి. దీనికి చివర లేదు. చదువుకుంటూ, సినిమా చూస్తూ, ఊరికే ఉన్నా నోట్లోనే. పైగా నేను మానడానికి కదా మొదలుపెట్టింది? మానే ప్లాను ఎక్కడా లేదు. నికోటిన్ మిల్లీగ్రాములు తగ్గించుకుంటూ పోవాలన్న ఆలోచనే చెయ్యలేదు. తీగ గేజిల గురించి, దూది గురించి మాత్రం గంటలు గంటలు చదివాను. అలవాటుని హాబీ చేసుకున్నానన్నమాట. అలవాటైతే ఏదో ఒకరోజు సిగ్గుపడి మానాలనిపిస్తుంది. హాబీకి సిగ్గెందుకు?

2019 సంక్రాంతికి ముందే దాన్ని ముక్కలు చేసి పారేశాను. ఇక్కడ నేనేదో గొప్పవాణ్ణయిపోయానని రాసుకోవాలని ఉంది కానీ, నెల తిరక్కుండా మళ్ళీ సిగరెట్టుకే పోయాను. ఉద్యోగంలో చేరాక రిలీజు రాత్రుల్లో ఇంకా పెరిగింది. అసలు మానింది 2021లో. పొగాకు మానేవాళ్ళ కోసం ప్రభుత్వ టోల్ ఫ్రీ లైను ఒకటుంది, 1800 11 2356. సిగ్గుపడుతూనే ఫోన్ చేశాను. ఒక తేదీ పెట్టుకోమన్నారు, ఏ టైములో ఎందుకు తాగుతున్నానో రాయమన్నారు. డాక్టరు చెప్పిన నికోటిన్ చూయింగ్ గమ్ము కొన్నాళ్ళు. అందులో విప్పి చూడటానికి ఏమీ లేదు, బిగించడానికి స్క్రూ లేదు, పరమ బోరు. బహుశా అందుకే పనిచేసింది.

ఈలోగా 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్సు, డిసెంబరులో ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారైతే ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. నిల్వ పెట్టినా ఆరు నెలల దాకా జైలు లేదా 50,000 దాకా జరిమానా, లేదా రెండూ. అదే సమయంలో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరి 18 నాటికి అక్కడి లెక్క 2,807 కేసులు, 68 మరణాలు. వాటికీ, గంజాయి నూనెలో కలిపిన విటమిన్-ఇ అసిటేట్‌కీ గట్టి సంబంధం ఉందని తేల్చారు. అది చర్మానికి రాసుకునే క్రీముల్లో వాడేదే. రాసుకుంటే ఏం కాదు, పీలిస్తే ప్రాణం తీసింది. నా ఎర్ర టేపు గుర్తొచ్చి ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లండన్‌లో ఉన్న నా ఫ్రెండు ఈ నిషేధం మీద నాతో ఎప్పుడూ గొడవే. "మీరేమో బీడీ, సిగరెట్టు ప్రతి కిరాణా కొట్లో అమ్ముతారు, తక్కువ హాని ఉన్నదాన్ని నిషేధిస్తారు. ఇక్కడ గవర్నమెంటే పొగతాగేవాళ్ళకి వేప్ కిట్లు ఇస్తోంది" అంటాడు. వాడి మాటలో నిజముంది. బ్రిటన్ 2023లో పది లక్షల మందికి అలాంటి కిట్లు ఇస్తామని ప్రకటించింది. నికోటిన్ గమ్ములు, ప్యాచ్‌లకంటే నికోటిన్ ఉన్న ఇ-సిగరెట్లతో మానేవాళ్ళే ఎక్కువని కోక్రేన్ వాళ్ళ 2022 సమీక్ష కూడా చెప్పింది. మన దగ్గర 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో పొగతాగేవాళ్ళు 10.7 శాతం, అందులో సిగరెట్టు కంటే బీడీ వాళ్ళే ఎక్కువ. మా నాయిన లాంటి వాళ్ళన్నమాట. వాళ్ళకి ఈ చట్టం వల్ల ఒరిగిందేమీ లేదు.

కానీ అదే బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌లని నిషేధించింది. పిల్లలు వాటికి అలవాటు పడటం ఒక కారణం. నేను 2018లో మానాలనుకునే నలభై ఏళ్ళ మనిషినా, కొత్త బొమ్మ దొరికిన ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడినా అని అడిగితే, నిజాయితీగా చెప్పాలంటే రెండోదే ఎక్కువ. క్లినిక్‌లో ఓ నర్సు కూర్చోబెట్టి, తగ్గించే ప్లాను చెప్పి చేతికిచ్చే కిట్టు వేరు. ట్యాంకు వెనక ఒంటరిగా టేపు చుట్టుకున్న గొట్టం వేరు. ఆ అధ్యయనాల్లోని అంకె నా అంకె కాదు. అయినా బీడీని ముట్టకుండా దీన్నొక్కదాన్నే నిషేధించడం సరైనదని మాత్రం నేను అనలేను. మీరేమంటారో మీ ఇష్టం.

సరే, అటక దగ్గరికొస్తా. ఈ డబ్బా చూశాక ఇదంతా ఎందుకు రాయాలనిపించిందంటే, పోయిన చలికాలం ఒకటి జరిగింది.

నాయినకి ఇప్పుడు సీఓపీడీ. లారీ మానేసి మూడేళ్ళు. చలికాలం వస్తే రాత్రిళ్ళు కూర్చునే నిద్ర. డాక్టరు నెబ్యులైజర్ రాశాడు, కొత్తది కొనుక్కొచ్చాను. దాన్ని కూడా అటామైజరనే అనొచ్చు, కాకపోతే ఇందులో వేడి లేదు. కంప్రెసర్ గాలిని సన్నటి కన్నంలోంచి జోరుగా తోస్తుంది, ఆ జోరుకి కప్పులోని మందు పైకి లాగబడి, అడ్డంగా ఉన్న ముక్కకి తగిలి తుంపరగా విరుగుతుంది. మోటారు బాగానే మోగింది. మాస్కు పెట్టాం. తుంపర సరిగా రావడం లేదు. పావుగంటైనా మందు కప్పులోనే ఉంది. అమ్మ కంగారు పడుతోంది, "మందు పనిచేస్తలేదా బిడ్డా?" అని.

కప్పు విప్పి లైటుకి పట్టి చూశాను. గాలి వచ్చే ఆ సన్నటి కన్నం అంచున ప్లాస్టిక్ పొర. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిపోయినది. మళ్ళీ అదే! ఏడేళ్ళ తర్వాత అదే కన్నం అంచు, అదే బర్. నా చెయ్యి అప్పుడే అమ్మ కుట్టుపెట్టెలో సూది కోసం పోయింది. రెండు నిమిషాల పని.

సూది చేతిలో పట్టుకుని ఆగిపోయాను.

ఆ కన్నం ఎంతుండాలో నాకు తెలీదు. నేను గీకితే అది కాస్త పెద్దదవుతుంది. కన్నం మారితే చుక్క సైజు మారుతుంది. మందు ఊపిరితిత్తుల లోపలి దాకా పోవాలంటే చుక్కలు ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల మధ్య ఉండాలి. పెద్దవైతే గొంతులోనే పడిపోతాయి. రెండు సందర్భాల్లోనూ పైకి తుంపర మాత్రం చక్కగా కనిపిస్తుంది. నాకు "బాగుచేశా" అనిపిస్తుంది. ఆయనకి మందు అందదు. దాన్ని కొలిచే మీటరు నా దగ్గర లేదు. ఆ విరిగిన పొర ముక్క ఎటు పోతుందో కూడా తెలీదు.

సూది పెట్టెలో పెట్టేసి, బండి తీసి షాపుకి పోయాను. కప్పు చూపించాను. పెద్దగా మాట్లాడకుండా ఇంకో సెట్టు ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే ఎనిమిది నిమిషాల్లో మందు అయిపోయింది. నాయిన దగ్గు కాస్త నెమ్మదించింది.

మాస్కు తీశాక ఆయనే అడిగాడు, ఏమైందని. చెప్పాను, కన్నం దగ్గర ఫాల్టని. ఆయనకి వెంటనే అర్థమైంది. డీజిల్ ఇంజన్‌లో కూడా ఇదే కదా, నాజిల్ డీజిల్‌ని తుంపర చెయ్యాలి. "నాజిల్ ఖరాబైతే బండి నల్లపొగ కొడ్తది. మేం ఎన్నడు సూది పెట్టలే. ఆటోనగర్‌ల పంపు నాజిల్ షాపుకు తీస్కపోతం. ఆడ మిషిన్ మీద పెట్టి చూస్తరు" అన్నాడు. కాసేపాగి, కొంచెం ఆయాసపడుతూ,

"నీ దాన్ని అయితే దినాలకు దినాలు కూసోని గీకినవ్. నా దాన్ని రెండు నిమిషాల్ల వాపస్ ఇచ్చినవ్."

ఏడేళ్ళు గుర్తుంచుకున్నాడు! నవ్వుతున్నాడో, దెప్పుతున్నాడో తెలీలేదు. "అది నాది నాయినా, ఇది నీది" అన్నాను. నోటికొచ్చింది అనేశా. తర్వాత ఆలోచిస్తే నాకే భయమేసింది. ఆయన ఊపిరితిత్తులైతే సూది పెట్టడానికి చెయ్యి రాలేదు. నావైతే లోహపు రజను, టేపు జిగురు, మాడిన దూది అన్నీ పోశాను, పైగా గర్వపడ్డాను. ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు నా ఒళ్ళు నాకు ఒక టెస్ట్ సర్వర్. ఏం చేసినా చెల్లుతుందనుకున్నా. బ్యాకప్ లేదన్న సంగతి గుర్తు లేదు.

అప్పుడు ఆయన దిండు కింద చెయ్యి పెట్టి బీడీ కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. మందులు మొదలైనా ఇంకా రోజుకి రెండు తాగుతున్నాడని నాకు తెలీదు. ఏడేళ్ళ కింద నేను ట్యాంకు వెనక చేసిన పనే ఆయన దిండు కింద చేస్తున్నాడు. "ఆవిరే అయితే ఎందుకు దాచినవ్" అని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన అప్పుడు నన్ను తిట్టలేదు కదా.

ఆ టోల్ ఫ్రీ నంబరు ఆయన ఫోన్లో ఫీడ్ చేశాను. ఆయన పక్కన కూర్చునే కలిపాను. అవతల తెలుగులో మాట్లాడే మనిషి రావడానికి కాస్త టైము పట్టింది. నాయిన సిగ్గుపడుతూ, "నేను యాభై ఏండ్ల సంది తాగుతున్న సార్" అని మొదలుపెట్టాడు. నేను బయటికొచ్చేశాను. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో అడగలేదు. నాలుగు నెలలు బీడీ ముట్టలేదు, తర్వాత ఓ పెళ్ళిలో రెండు తాగాడు, మళ్ళీ మానాడు. ఈ లెక్క ఇంకా నడుస్తోంది. నేను కూడా మూడుసార్లు ఓడిపోయాకే కదా నాలుగోసారి గెలిచింది.

అదండీ అటక డబ్బా కథ. మల్టీమీటరు ఇంకా పనిచేస్తోంది, బ్యాటరీ మార్చానంతే. టేపు పారేశాను. ఈ సాయంత్రం అవుసలాయన దగ్గరికి పోయి ఆకురాయి వాపసు ఇచ్చేసి రావాలి. ప్రాజెక్టు అయిపోయిందా అని అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నా :-)